జ్వరం లేదు కదా, వెన్నులో ఇన్ఫెక్షన్ ఏమిటి?

ప్రశ్న: మా నాన్నగారికి 76 ఏళ్లు. పెరంబూరు కోచ్ ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యారు. షుగర్ ఉంది. ప్రోస్టేట్ ఆపరేషన్ తర్వాత యూరిన్ ఇన్ఫెక్షన్ వచ్చి తగ్గింది. ఆ వెనకే నడుం నొప్పి మొదలైంది. వయసు కదా అని బామ్ రాస్తూ, నొప్పి మాత్రలు వేస్తూ గడిపేశాం. ఇప్పుడు రాత్రిళ్లు ఒత్తిగిలలేకపోతున్నారు. జ్వరం మాత్రం లేదు. ఎమ్మారైలో నడుం దగ్గర రెండు వెన్నుపూసలకీ, మధ్య డిస్కుకీ ఇన్ఫెక్షన్ అని వచ్చింది. ఒక డాక్టరు వెంటనే టీబీ మందులు మొదలుపెడదామన్నారు. ఇంకొకరు సూదితో ఎముక ముక్క తీసి పరీక్షించాకే మందు అంటున్నారు. ఈ వయసులో ఆ సూది అవసరమా? అన్నయ్యేమో ఆయన్ని మంచం దిగనివ్వడం లేదు.
– ఒక పాఠకురాలు, చెన్నై

జవాబు: అవసరమేనమ్మా. రెండో డాక్టరు గారి మాట వినండి.

జ్వరం లేదని ధీమాగా ఉండొద్దు. వెన్ను ఇన్ఫెక్షన్ ఉన్నవాళ్లలో దాదాపు సగం మందికి జ్వరం కనబడదు. నొప్పి మాత్రలు వేసుకునేవాళ్లలో ఉన్న జ్వరం కూడా అణిగిపోతుంది. నన్ను అనుమానంలో పడేసేది ఆ రాత్రి నొప్పి. అరుగుదల నొప్పి నడుం వాలిస్తే చాలావరకు సర్దుకుంటుంది, ఇది సర్దుకోదు. ఎక్స్‌రే అయితే మొదటి రెండు మూడు వారాలు మామూలుగానే ఉండి అందరినీ మోసం చేస్తుంది.

క్రిమి రక్తంలో ప్రయాణించి వెన్నుకి చేరుతుంది. మీ నాన్నగారి విషయంలో నా మొదటి అనుమానం మూత్రం మీదే. పెద్దవాళ్లలో ఈ.కోలై లాంటివి అక్కడినుంచే వస్తాయి. మొత్తం మీద ఎక్కువగా కనబడేది స్టెఫైలోకాకస్ ఆరియస్. పచ్చిపాలు తాగినా, పశువుల దగ్గర మెలిగినా బ్రుసెల్లా గురించీ ఆలోచించాలి. మన దేశంలో టీబీ తక్కువేం కాదు కాబట్టి మొదటి డాక్టరు గారి అనుమానం అర్థంలేనిది కాదు. కానీ ఒక్కో క్రిమికీ ఒక్కో వైద్యం. వెన్ను టీబీకి మన దగ్గర సాధారణంగా ఏడాది మందులు వాడతాం. పైగా అందులోని రిఫాంపిసిన్ స్టెఫైలోకాకస్ మీద కూడా కొంత పనిచేస్తుంది. నాలుగు రోజులు తగ్గినట్టు అనిపించి, అందరం టీబీయే అనుకుని కూర్చుంటాం.

ముందు రక్తం కల్చర్‌కి, అంటే క్రిమిని పెంచి ఏదో తేల్చే పరీక్షకి, పంపాలి. అందులో స్టెఫైలోకాకస్ ఆరియస్ పెరిగితే సూది గొడవ చాలాసార్లు తప్పుతుంది, అయితే గుండె కవాటాలకి పాకిందేమో ఎకో (గుండె స్కాన్)తో చూడాలి. రక్తంలో ఏమీ దొరక్కపోతే సీటీలో చూస్తూ, ఆ చోట మత్తిచ్చి ముక్క తీస్తారు. దాన్ని కల్చర్‌కీ, టీబీ క్రిమిని పట్టే సీబీనాట్ పరీక్షకీ, మైక్రోస్కోపులో చూసే పెథాలజీకీ పంపమని మీరే అడగండి. కల్చర్‌కి ముందే యాంటీబయాటిక్ పడితే క్రిమి దొరకడం కష్టం. కాళ్లలో బలం, బీపీ బాగున్నంతవరకు ఆ కాసిన్ని రోజులు ఆగొచ్చు. కాళ్లు తడబడినా, మూత్రం ఆగిపోయినా, మనిషి మగతగా ఉన్నా ఏ రిపోర్టు కోసమూ ఆగకండి. అదే రోజు ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. ఆపరేషన్ గురించి ఆలోచించేది కూడా ఎక్కువగా అప్పుడే, లేదా చీము గడ్డకట్టినా, ఎముక కూలుతున్నా.

టీబీ, బ్రుసెల్లా కాకపోతే చాలామందికి ఆరు వారాల యాంటీబయాటిక్ చాలు. ఒకప్పుడు మూడు నెలలు ఇచ్చేవాళ్లం. 2015లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఫ్రెంచి అధ్యయనంలో 359 మందిని చూస్తే ఆరు వారాలకీ పన్నెండు వారాలకీ ఫలితం ఒకటే. క్రిమిని బట్టి కొన్నాళ్లకి ఇంజెక్షన్ల నుంచి మాత్రలకి మారొచ్చు కూడా.

పెద్దవాళ్లలో నాకు టెన్షన్ పెట్టేవి కిడ్నీలు. కిడ్నీల మీద భారం వేసే వాంకోమైసిన్, అమికాసిన్ లాంటి యాంటీబయాటిక్‌లు ఎక్కుతుండగా ఇంట్లో ఎవరో డైక్లోఫెనాక్ అనే నొప్పి మాత్ర వేసేస్తారు. ఆ పని చేయకండి. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష తరచూ చేయించండి. సిప్రోఫ్లోక్సాసిన్ లాంటివి ఇస్తే షుగర్ ఉన్నట్టుండి పడిపోవచ్చు, మాట తికమకపడొచ్చు, మడమ వెనకుండే స్నాయువు (టెండన్) నొప్పి రావచ్చు.

అన్నయ్యతో చెప్పండి: డాక్టరు వద్దనకపోతే బెల్టు కట్టి కూర్చోబెట్టాలి, పట్టుకుని నాలుగడుగులు వేయించాలి. కదలకుండా పడుకోబెడితే వీపు పుండ్లు, నిమోనియా, కాళ్లలో రక్తం గడ్డలు.

నెలకే మళ్ళీ ఎమ్మారై తీయించాలని తొందరపడకండి. మనిషి కోలుకుంటున్నా ఫిల్ములో ఇంకా పాడైనట్టే కనబడొచ్చు. నొప్పి, సీఆర్పీ (ఒంట్లో ఇన్ఫెక్షన్ వాపు ఎంతుందో చెప్పే రక్త పరీక్ష) తగ్గుతున్నాయా అన్నది చూడండి. క్రిమి పేరు తేలాక రిపోర్టు జత చేసి మళ్ళీ రాయండి. ఈలోగా యూరిన్ కల్చర్ కూడా చేయించండి.