సర్టిఫికెట్ ఇచ్చారు, ఉద్యోగం లేదు: ఫీజు వెనక్కి వస్తుందా?

ప్రశ్న: మాది నకిరేకల్ దగ్గర పల్లె. నల్గొండలో బీఎస్సీ చదివాను. చివరి ఏడాదిలో ఒక ట్రైనింగ్ సెంటర్ వాళ్లు మా కాలేజీకే వచ్చి మెడికల్ కోడింగ్ (రోగాలు, చికిత్సల వివరాలను కోడ్‌లుగా మార్చే పని) సర్టిఫికెట్ కోర్సు చెప్పారు. జాబ్ గ్యారంటీ అంటే 38 వేలు కట్టాను. కోర్సు అయి ఎనిమిది నెలలైంది, ఒక్క ఇంటర్వ్యూ కూడా రాలేదు. నేనే హైదరాబాద్‌లో ఒక కంపెనీకి వెళ్తే ‘సీపీసీ ఉందా?’ అని అడిగారు. మిగతా 7 వేలు కడితేనే నా టెన్త్, ఇంటర్ మెమోలు ఇస్తామని సెంటర్ వాళ్లు అంటున్నారు. వాళ్ల పాంప్లెట్ ఫొటో పంపుతున్నాను. ఏం చేయాలి సార్?

జవాబు: ముందు మెమోల సంగతి చూద్దామమ్మా. మీరు బాకీ ఉంటే వాళ్లు దావా వేసుకోవాలి. అంతేగానీ మెమోలను తాకట్టు సామానులా పట్టుకుని కూర్చోకూడదు. చదువు సర్టిఫికెట్ అమ్ముకునే సరుకు కాదు, దాన్ని బాకీ కింద అట్టిపెట్టుకోవడం కుదరదు అని మద్రాసు హైకోర్టు చెప్పింది. రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపి 15 రోజుల గడువు ఇవ్వండి. ఈలోగా ఉద్యోగానికి మెమోలు అర్జెంటుగా కావాల్సి వస్తే, ‘అభ్యంతరంతో కడుతున్నాను’ అని రాసిచ్చి, ఆ కాగితం నకలు మీద వాళ్ల స్టాంపు వేయించుకున్నాకే కట్టండి.

ఇక మీ సర్టిఫికెట్. అది దొంగ సర్టిఫికెట్ అని కేసు పెడితే నిలబడదు. మన దేశంలో మెడికల్ కోడింగ్ పనికి సర్కారు లైసెన్సు లేదు, ఏ సెంటరైనా తన పేరుతో సర్టిఫికెట్ ఇచ్చుకోవచ్చు. కంపెనీ అడిగిన సీపీసీ వేరు. అది ఏఏపీసీ అనే అమెరికా సంస్థ పెట్టే పరీక్ష: 4 గంటలు, 100 ప్రశ్నలు, 70 శాతం వస్తే పాస్. సీపీసీ కూడా ఇందులోనే వస్తుందని మీకు చెప్పి ఉంటే మాత్రం అది మోసమే. మీ దగ్గరున్న పాంప్లెట్‌లో ఆ మాట ఉందేమో చూడండి.

మీరు పంపిన ఫొటోలో పాంప్లెట్ పైన ఎర్రటి అక్షరాల్లో ‘100% ఉద్యోగ హామీ’ అని ఉంది. కింద చీమ తలకాయంత అక్షరాల్లో ‘షరతులు వర్తిస్తాయి’. ఆ షరతులేమిటో ఎక్కడా లేదు. మీ కేసుకు ప్రాణం ఆ కాగితమే, సర్టిఫికెట్ కాదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఇది తప్పుదోవ పట్టించే ప్రకటన కిందికి వస్తుంది.

అయితే రసీదు ఎవరి పేరు మీద ఉంది? ఇది చాలా ముఖ్యం. కాలేజీ పేరుంటే, ‘మాది విద్యాసంస్థ, మీరు వినియోగదారులు కారు’ అని వాదిస్తారు. యూనివర్సిటీల విషయంలో సుప్రీంకోర్టు అలా చెప్పిన తీర్పూ ఉంది. సెంటర్ పేరుంటే దారి సులువు. కోచింగ్ సెంటర్లు విద్యాసంస్థల కిందికి రావని 2020లో జాతీయ వినియోగదారుల కమిషన్ తేల్చింది. రసీదు మీద ‘ఫీజు తిరిగి ఇవ్వబడదు’ అని రబ్బరు స్టాంపు ఉన్నా భయపడకండి. హామీ తప్పిన వాళ్లను ఆ స్టాంపు కాపాడదు.

సెంటర్ హైదరాబాద్‌లో ఉన్నా, మీరు ఉండే చోటే కేసు వేసే వీలు చట్టంలో ఉంది కాబట్టి నల్గొండ జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయండి. 5 లక్షల లోపు వాటికి కేసు ఫీజు లేదు, కేసు వేయడానికి గడువు రెండేళ్లు. మహిళలకు ఆదాయంతో పని లేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయర్‌ను ఇస్తుంది. నల్గొండ కోర్టు దగ్గర అడగండి.

38 వేలూ వస్తాయని మాత్రం ఆశ పెట్టుకోకండి. క్లాసులన్నీ విన్నారు కాబట్టి కొంత కోత వేయవచ్చు. నోటీసు అందగానే వాళ్లు ‘రామ్మా, మాట్లాడుకుందాం’ అని ఫోన్ చేస్తారు. వెళ్లండి, కానీ డబ్బూ మెమోలూ చేతికి వచ్చేదాకా ‘రాజీ అయింది’ అనే కాగితం మీద సంతకం పెట్టకండి.