ఆ కాపలావాడికి బురుజు ఎవరు నేర్పారు?

తమ్ముడూ,

నీ రుద్రమదేవి కథ చదివా. సంభాషణలు బానే పడ్డాయి గానీ కాపలావాడు "బురుజెక్కి చూడు" అనగానే నేను ఆగిపోయా. బురుజు మూలం అరబ్బీ బుర్జ్, దాన్ని ఇంకా వెనక్కి గ్రీకు పిర్గోస్ దాకా లాగే పండితులున్నారు, అది ఫార్సీ మీదుగా దక్కన్‌కొచ్చి మన నోట్లో చివర ఉకారం తగిలించుకుంది. జగిత్యాల, నిజామాబాద్ నుంచి దుబాయ్ పోయినోళ్లు చూసే బుర్జ్ ఖలీఫాలో ఉన్నదీ, గోల్కొండ పెట్లా బురుజులో ఉన్నదీ ఒకటే మాట. రుద్రమ పోయింది 1289లో, ఢిల్లీ సైన్యం కాకతీయుల మీదకి మొదటిసారి వచ్చింది 1303లో. మరి వీడికెక్కడిది ఆ మాట?

కొత్తడం అని మనకే పాత మాటుంది, అర్థం అదే. వాడితో అదనిపించు. కథ చెప్పేది నువ్వు కాబట్టి నీ వాక్యాల్లో మాత్రం బురుజే ఉంచుకో, తెలంగాణలో చాలా ఊళ్ల నడుమ మట్టి బురుజు ఇంకా నిలబడే ఉంది, ఎవరూ నిఘంటువు తియ్యక్కర్లేదు. రేపు బొబ్బిలి మీద రాస్తే పాత్రల చేత కూడా అనిపించొచ్చు, 1757 నాటికి అది మనదైపోయింది.

ఇంక ప్రాకారం. గోడ కనబడ్డప్పుడల్లా అదే వాడావ్, ఈ రోజుల్లో ఆ మాటంటే జనానికి గుడీ ప్రదక్షిణాలే గుర్తొస్తాయి. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో లెక్క వేరు: అగడ్త తవ్విన మన్ను (కందకం కూడా అరబ్బీ ఖందకే, అందుకే అగడ్త అంటున్నా) పోసి, ఏనుగులతో ఎద్దులతో తొక్కించి గట్టి చేస్తే అది వప్రం, దాని మీద లేపే గోడ ప్రాకారం. ఓరుగల్లుకి బయట మట్టికోట, లోపల రాతికోట, నువ్వు రెండిటినీ కలిపి ఒక్క గోడ చేసేశావ్, అక్కడే యుద్ధం సీన్ చప్పబడింది. 1310లో ఢిల్లీ సేనాని మాలిక్ కాఫుర్ సైన్యం మట్టికోట దాటి లోపలి అగడ్త దాకా వచ్చేసింది, రాతికోట పడకముందే ప్రతాపరుద్రుడు సంధికొచ్చాడు. రెండు గోడల మధ్య ఆ జాగాలో ఎంత కథుందో చూడు! సైనికులు, పశువులు, పొలాలు, తలుపు వేసేస్తే బయట మిగిలిపోయినోళ్లు...

అన్నట్టు, రెండో పేజీలో దేవగిరి సైన్యం దగ్గర ఫిరంగి ఉంది. తీసెయ్.