డొనేషన్ కట్టి సీఎస్‌ఈనా, కన్వీనర్ కోటాలో ఐటీనా?

ప్రశ్న: మాది కరీంనగర్. ప్రైవేటు సంస్థలో అకౌంటెంట్‌ని. నెలకు చేతికి 55 వేలు వస్తాయి. మా ఆవిడ ఇంట్లో బట్టలు కుడుతుంది. ఇద్దరిదీ కలిపినా ఏడాదికి 8 లక్షలు దాటదు. పెద్దమ్మాయికి ఎప్‌సెట్‌లో వచ్చిన ర్యాంకుతో హైదరాబాద్‌లోని ఒక కాలేజీలో కన్వీనర్ కోటా కింద ఐటీ సీటు వచ్చేలా ఉంది. ఫీజు ఏడాదికి 1.20 లక్షలు. ఇంకో కాలేజీ వాళ్లు 9 లక్షల డొనేషన్ ఇస్తే మేనేజ్‌మెంట్ కోటాలో సీఎస్‌ఈ ఇస్తామంటున్నారు, ఏటా ఫీజు వేరే. ఊరి బయట 200 గజాల ప్లాటు ఉంది. అది అమ్మి కట్టేయమని మా బావమరిది పోరు పెడుతున్నాడు. 5 లక్షల చిట్టీ కూడా నడుస్తోంది, 50 నెలల్లో 30 అయిపోయాయి, ఇంకా ఎత్తుకోలేదు. చిన్నమ్మాయి ఎనిమిదో తరగతి. ఏం చేయమంటారు?

జవాబు: ఐటీ సీటు తీసుకోండి. ప్లాటు జోలికి వెళ్లకండి.

ముందు ఆ 9 లక్షల సంగతి చూద్దాం. చదువుకు పెట్టే ఖర్చుల్లో దేనికైనా ఏదో ఒక ఆసరా దొరుకుతుంది. ఫీజుకు, హాస్టల్‌కు, ల్యాప్‌టాప్‌కు కూడా బ్యాంకు అప్పు ఇస్తుంది. డొనేషన్‌కు ఏ బ్యాంకూ పైసా ఇవ్వదు, ఎందుకంటే దానికి రసీదే ఉండదు. ఇలా సీటు కోసం తీసుకునే క్యాపిటేషన్ ఫీజు వసూలు చేయకూడదని ఉమ్మడి రాష్ట్రంలో 1983లోనే చట్టం వచ్చింది. రేపు అమ్మాయికి ఆ కాలేజీ నచ్చక మానేసినా, మీరు ఇచ్చినట్టు ఋజువే లేని డబ్బు తిరిగి అడగలేరు. ప్లాటు అమ్మితే లాభం మీద పన్ను కట్టాలి, తొందరలో అమ్మితే ధర కూడా తగ్గుతుంది. అలా వచ్చిన తెల్లడబ్బును తీసుకెళ్లి లెక్కలో లేని డబ్బుగా మార్చి ఇవ్వడం, అదీ ఒక అకౌంటెంట్ చేతుల మీదుగా!

ఇంతకీ ఆ 9 లక్షలకు వచ్చే తేడా ఏమిటి? రెండు బ్రాంచిల సిలబస్ పక్కపక్కన పెట్టుకుని చూడండి. డేటా స్ట్రక్చర్స్, డీబీఎంఎస్, ఆపరేటింగ్ సిస్టమ్స్, నెట్‌వర్క్స్ అన్నీ రెండింటిలోనూ ఉంటాయి. క్యాంపస్‌కు వచ్చే సర్వీస్ కంపెనీలు సాధారణంగా అడిగేది 60 శాతం మార్కులు, బ్యాక్‌లాగ్‌లు లేకపోవడం, కోడింగ్ టెస్టు. బ్రాంచి కాలమ్‌లో ఐటీ అని ఉందని పక్కన పెట్టేయరు. కాలేజీల మధ్య తేడా మాత్రం నిజమే. అందుకే వెబ్ ఆప్షన్లు పెట్టే ముందు ఆ ఐటీ బ్రాంచిలో ఈ ఏడాది చదువు ముగించిన పిల్లల్లో ఎంతమందికి ఉద్యోగాలు వచ్చాయో, అక్కడే చదివిన ఇద్దరు ముగ్గురిని అడగండి. కాలేజీ గేటు దగ్గరి ఫ్లెక్సీలో కనిపించే ప్యాకేజీని చూసి లెక్క వేసుకోవద్దు.

అప్పు లెక్క కూడా ఫ్లెక్సీని బట్టి కాదు, మొదటి జీతాన్ని బట్టి వేసుకోవాలి. పెద్ద సర్వీస్ కంపెనీల్లో మామూలు ఫ్రెషర్ ప్యాకేజీ చాలా ఏళ్లుగా ఏడాదికి మూడున్నర లక్షల చుట్టుపక్కలే తిరుగుతోంది. అంటే నెలకు చేతికి 25 వేలు అనుకోండి. అందులో హైదరాబాద్‌లో అద్దె, తిండి, బస్సు పోవాలి. ఈఎంఐ 10 వేలు దాటితే అమ్మాయికి ఊపిరాడదు.

నాలుగేళ్లకు ఫీజు 4.80 లక్షలు. హాస్టల్, మెస్ ఏడాదికి 1.10 లక్షల చొప్పున 4.40 లక్షలు. ల్యాప్‌టాప్, పుస్తకాలు, పరీక్ష ఫీజులు 80 వేలు. మొత్తం 10 లక్షలు. ఇందులో 7.5 లక్షలకు విద్యా రుణం మంజూరు చేయించుకోండి. 4 లక్షలు దాటితే బ్యాంకులు సాధారణంగా 5 శాతం వాటా మీరు పెట్టుకోమంటాయి, అది మీకు భారం కాదు. తాకట్టు లేకుండా ఇచ్చే 7.5 లక్షల లోపు విద్యా రుణాలకు ప్రభుత్వ గ్యారంటీ పథకం ఉంది కాబట్టి, ప్లాటు కాగితాలు తాకట్టు పెట్టమని మేనేజర్ అంటే ఆ పథకం సంగతి ఎత్తి అడగండి.

కోర్సు అయ్యాక ఏడాది దాకా ఈఎంఐ కట్టనక్కర్లేదని బ్యాంకులో చెబుతారు. వడ్డీ మాత్రం మొదటి రోజు నుంచీ పడుతుంది, అసలు చిక్కు ఇక్కడే. ఏటా ఒక విడత చొప్పున నాలుగు విడతల్లో 7.5 లక్షలు తీసుకుని 10 శాతం వడ్డీ అనుకుంటే, ఏమీ కట్టకపోతే అయిదేళ్లకు దాదాపు 2.6 లక్షలు అసలులో కలుస్తాయి. అప్పుడు పదేళ్లకు ఈఎంఐ సుమారు 13,400. అదే వడ్డీ ఎప్పటికప్పుడు మీరు కట్టేస్తే ఈఎంఐ 9,900 దగ్గర ఆగుతుంది. మొదటి ఏడాది ఆ వడ్డీ నెలకు 1,560 రూపాయలే, నాలుగో ఏడాదికి 6,250 అవుతుంది. కొన్ని బ్యాంకులు ఇలా కట్టేవారికి 1 శాతం తగ్గిస్తాయి కూడా. కాబట్టి అప్పు అమ్మాయి పేరు మీద, చదువయ్యేదాకా వడ్డీ మీ జేబులోంచి.

ఫీజు రీయింబర్స్‌మెంట్ మీకు రాదు, పట్టణాల్లో ఆదాయ పరిమితి 2 లక్షలే. కేంద్ర ప్రభుత్వ విద్యా రుణ పథకం పీఎం విద్యాలక్ష్మి మాత్రం ప్రయత్నించండి. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉంటే 10 లక్షల దాకా అప్పుకు మారటోరియం కాలంలో, అంటే ఈఎంఐ కట్టనక్కర్లేని రోజుల్లో, 3 శాతం వడ్డీ రాయితీ ఇస్తారు. అయితే కాలేజీ ఆ పథకం జాబితాలో ఉండాలి. ఈ రాయితీ ఏటా లక్ష మందికే, అందులోనూ ప్రభుత్వ సంస్థల్లో చదివేవారికి ప్రాధాన్యం. వస్తే మంచిదే, దాన్ని నమ్ముకుని బడ్జెట్ వేయకండి. మేనేజ్‌మెంట్ కోటాలో చేరితే ఈ దారి కూడా మూసుకుపోతుంది. వడ్డీ మీద పన్ను మినహాయింపు గురించి ఏజెంట్లు ఊదరగొడతారు. అది పాత పన్ను విధానంలోనే ఉంది. మీ జీతానికి కొత్త విధానంలో అసలు పన్నే పడదు, మినహాయింపుతో మీకేం పని?

చిట్టీ ఇప్పుడు పాడకండి. తొందరపడి పాడితే కోత ఎక్కువ పోతుంది. మిగిలిన 20 నెలలూ ఉంచితే రెండో ఏడాది చివర్లో చేతికి వస్తుంది. మూడు, నాలుగు ఏళ్ల హాస్టల్ ఖర్చు 2.20 లక్షలు అందులోంచి కట్టి, బ్యాంకు నుంచి ఫీజు వరకే తీసుకోండి. మంజూరైనంతా వాడాలని రూలేం లేదు. అప్పటికి చిట్టీ వాయిదా కూడా ఆగిపోతుంది కాబట్టి పెరిగిన వడ్డీకి ఇబ్బంది ఉండదు. ప్లాటు చిన్నమ్మాయి ఇంటర్ ముగించేదాకా కదపొద్దు. బావమరిది గారికి ఆ మాట చాలు.

ఒక్కటి మీరు రాయలేదు. మీ పేరు మీద టర్మ్ పాలసీ, అంటే మీకేదైనా అయితే ఇంటివాళ్లకు డబ్బు వచ్చే జీవిత బీమా, ఉందా? లేకపోతే అప్పుకు సంతకం పెట్టే ముందే 50 లక్షలకు తీసుకోండి. బ్యాంకులో అప్పుతో పాటు అంటగట్టే పాలసీ ఇష్టమైతేనే తీసుకోవాలి, బలవంతం ఏమీ లేదు. ఇక రెండో ఏడాది విడత విడుదల చేసే ముందు బ్యాంకు మార్కుల మెమో, కట్టిన ఫీజు రసీదులు అడుగుతుంది. హాస్టల్ ఖర్చు కూడా అప్పులో చూపించాలంటే రసీదు ఇచ్చే హాస్టల్‌లోనే చేర్చండి.