స్ట్రోక్ వచ్చిన భర్తను చూసుకుంటూ నేనే కుంగిపోతున్నాను, ఎలా నెట్టుకురావాలి?

రెండు నెలల కిందట మీ వారికి స్ట్రోక్ వచ్చి కుడివైపు పడిపోయిందని, మాట సరిగా రావడం లేదని, ఉన్నట్టుండి ఏడుస్తున్నారని రాశారు. మీకేమో రాత్రిళ్లు నిద్ర లేదు, నడుం పట్టేసింది. ముందు మీ నడుము, నిద్ర సంగతి చూద్దామండీ. అవి పోతే ఇంట్లో మంచాన పడేవాళ్లు ఇద్దరవుతారు.

నడుం పట్టేసేది ఎక్కువగా మంచం మీంచి కుర్చీలోకి మార్చేటప్పుడే. చేతులు పట్టి లాగకండి. పడిపోయిన చేతిని లాగితే భుజం కీలు జారొచ్చు, ఆ నొప్పి ఒక పట్టాన వదలదు. వీల్‌చైర్‌ను బాగున్న వైపు, అంటే ఆయన ఎడమ పక్కన, మంచానికి కాస్త ఏటవాలుగా పెట్టండి. రెండు బ్రేకులూ వేసి, పాదాలు పెట్టుకునే పలకలు పక్కకు తిప్పేయండి. ఆయన మంచం అంచుకు జరిగి, పాదాలు నేలకు పూర్తిగా ఆనించి, ముక్కు కాలివేళ్ల మీదికి వచ్చేదాకా ముందుకు వంగాలి. అప్పుడు బరువు పాదాల మీదికి వచ్చి సగం పని ఆయనే చేస్తారు. మీరు మోకాళ్లు వంచి, ఆయన కుడి మోకాలు మడత పడకుండా మీ మోకాలు అడ్డుపెట్టి, నడుముకు కట్టిన బెల్టు పట్టుకోండి. మీ మెడ మాత్రం పట్టుకోనివ్వకండి. ఇది చదివి నేర్చుకునేది కాదు, ఫిజియోథెరపిస్ట్ ఎదురుగా మీ చేత్తో చేసి చూపించండి.

రాత్రి దేనికి లేవాల్సి వస్తోందో నాలుగు రోజులు రాసి పెట్టండి. మూత్రానికైతే నీళ్లు పగలే ఎక్కువగా పట్టించి, యూరినల్ (మంచం మీదే మూత్రం పోసుకునే సీసా) ఆయన ఎడమ చేతికి అందేలా పెట్టండి. తనంతట తాను కదలలేకపోతే సాధారణంగా 2 గంటలకోసారి పక్క మార్చాలి, లేకపోతే పుండ్లు పడతాయి. అది రోజూ ఒక్కరివల్ల అయ్యే పని కాదు. "అవసరమైతే పిలువు" అన్న బంధువులకు "మంగళ, శుక్రవారాలు రాత్రి 10 నుంచి 6 దాకా మీరు చూడండి" అని వేళతో సహా చెప్పండి. అలా చెబితేనే వస్తారు.

ఇక ఏడుపు. ఉన్నట్టుండి మొదలై కాసేపట్లో ఆగిపోయి, ఎందుకో ఆయనకే తెలియకపోతే అది మెదడు దెబ్బతినడం వల్ల వచ్చేది, మీ మీద అలక కాదు. ఎందుకని అడగకుండా మాట మార్చండి. అలా కాకుండా రెండు వారాలుగా దిగులుగా ఉండి, దేని మీదా ఆసక్తి లేక, వ్యాయామం వద్దంటుంటే డిప్రెషన్ కావచ్చు. స్ట్రోక్ వచ్చినవారిలో దాదాపు మూడోవంతు మందికి వస్తుంది, మందులకు తగ్గుతుంది. డాక్టరుకు చెప్పండి.

మాట సరిగా రాక ఆయనకు కోపం వస్తుంటే, మనం తొందరపెట్టే కొద్దీ అది పెరగొచ్చు. టీవీ ఆపి, ఒక్కసారికి ఒకే ప్రశ్న, అవును కాదులతో తేలేలా అడగండి. పది సెకన్లు ఆగండి. ఆయన మాట మీరు పూర్తి చేయకండి.

తినేటప్పుడు పొలమారుతున్నా, తిన్నాక గొంతు తడిగా గరగరలాడుతున్నా ఆలస్యం చేయకుండా మింగే పరీక్ష చేయించండి. ఆహారం ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా రావచ్చు.

చొక్కా తొడిగేటప్పుడు ముందు కుడి చేయి, విప్పేటప్పుడు ముందు ఎడమ చేయి. గుండీలు ఆయన్నే పెట్టుకోనివ్వండి, పావుగంట పట్టినా సరే. అన్నీ మీరే చేసిపెడితే ఆయన చేతికి పని తగ్గుతుంది, మీకు పెరుగుతుంది. వీలైతే స్నానం పని వేరొకరికి అప్పగించండి. రోజూ నర్సులా ఉంటే భార్యాభర్తల దగ్గరితనం తగ్గిపోతుంది.

మీకూ ఆకలి లేక, కారణం లేకుండా ఏడుపొస్తుంటే మీ కోసం విడిగా డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఆయన డాక్టరు మీ గురించి అడిగేదాకా ఆగకండి.