ఆఫీసు నెట్‌కి ఫిల్టర్ పెట్టొచ్చు, ఎంతవరకు?

ప్రశ్న: ఒడిశాలోని రాయగడలో మాది మందుల హోల్‌సేల్ వ్యాపారం. ఆఫీసు కుర్రాళ్లు పని వేళల్లో బెట్టింగ్ సైట్లు చూస్తున్నారని వెబ్ ఫిల్టర్ పెట్టిద్దామనుకున్నాం. అమ్మడానికి వచ్చినాయన డెమోలో మా గుమాస్తా తెరిచిన బ్యాంకు పేజీ కూడా చూపించాడు. అప్పటి నుంచీ టెన్షన్‌గా ఉంది. ఇది తప్పా?

జవాబు: సైట్లు ఆపడం తప్పు కాదండీ. కంప్యూటర్లు మీవి, కనెక్షన్ మీది. చిక్కంతా ఆ బ్యాంకు పేజీతోనే.

అమ్మడానికి వచ్చినాయన చూపించింది హెచ్‌టీటీపీఎస్ ఇన్‌స్పెక్షన్, అంటే బయటివాళ్లకి కనబడకుండా తాళం వేసి పంపే సైటు సమాచారాన్ని తెరిచి చూడడం. కంప్యూటర్లో ఒక సర్టిఫికెట్ వేసి, అంటించిన కవరును దారిలో విప్పి చూసి మళ్లీ అంటించినట్టు చేస్తుంది. దాంతో గుమాస్తా పాస్‌వర్డు, ఖాతా వివరాలు మీ చేతికొస్తాయి. 2011 ఐటీ (సమాచార సాంకేతిక) నిబంధనల ప్రకారం ఇవి సున్నితమైన సమాచారం, రాతపూర్వక అంగీకారం లేకుండా సేకరించకూడదు. మీ అజాగ్రత్త వల్ల అవి బయటికి పొక్కి గుమాస్తా నష్టపోతే, ఐటీ చట్టం సెక్షన్ 43ఎ కింద పరిహారం మీరే కట్టాలి. మాది కంపెనీ కాదు కదా అనుకోకండి, సొంత వ్యాపారానికీ అది వర్తిస్తుంది. 5 కోట్ల లోపు పరిహారమైతే ఆ ఫిర్యాదు రాయగడ కోర్టుకి రాదు, రాష్ట్ర ఐటీ శాఖ కార్యదర్శి దగ్గరికి వెళ్తుంది. వాయిదాలకి భువనేశ్వర్ తిరగాలి.

నన్నడిగితే, మీ అవసరానికి డీఎన్‌ఎస్ ఫిల్టర్ చాలు. సైటు పేరు చూసి ఆపుతుంది, లోపలికి తొంగిచూడదు. ఇన్‌స్పెక్షన్ కావాల్సిందే అంటే బ్యాంకు, ఆసుపత్రి సైట్లను మినహాయించే వీలుందో లేదో కొనకముందే మీ కళ్లముందు చేసి చూపించమనండి. లాగ్‌లు, అంటే ఎవరు ఏ సైటు తెరిచారో నమోదయ్యే చిట్టాలు, ఎక్కడ, ఎన్నాళ్లు దాస్తారో కూడా అడగండి. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28 ఆదేశాల ప్రకారం వాటిని 180 రోజులు ఉంచాలి.

కుర్రాళ్ల సొంత ఫోన్లలో మాత్రం ఆ సర్టిఫికెట్ వేయించకండి. ఫోను వాళ్లది. అనుమతి లేకుండా అందులో చొరబడితే ఐటీ చట్టంలోనే సెక్షన్ 43 కిందికొస్తుంది. దురుద్దేశం రుజువైతే సెక్షన్ 66 కింద మూడేళ్ల దాకా జైలు. ఫోన్లకి వేరే వైఫై ఇవ్వండి.

ఏవి ఆపుతున్నారో, ఏం నమోదవుతుందో ఒక పేజీలో రాసి అందరి చేతా సంతకం పెట్టించుకోండి. తెలుగుతో పాటు ఒడియాలోనూ రాయండి. మన వైపు ఇంట్లో తెలుగు మాట్లాడినా ఒడియా బడిలో చదివినవాళ్లే ఎక్కువ, అర్థం కాని కాగితం మీద సంతకం కోర్టులో నిలవడం కష్టం.

ముందుగా ఇవాళే ఆ గుమాస్తాని పిలిచి డెమోలో ఏం కనబడిందో చెప్పి, పాస్‌వర్డు మార్చుకోమనండి. డెమోలో నమోదైనదంతా చెరిపేసినట్టు ఆ అమ్మకందారు చేత రాయించి తీసుకోండి.