ఎండల్లో రెడ్ వైన్: బకెట్ నీళ్లలో పెట్టిన బోజొలే

ఎండాకాలంలో రెడ్ వైన్ బరువుగా ఉంటోందని, చల్లబరిచి భోజనంతో తాగితే తప్పా అని అడిగారు. తప్పేమీ లేదు. ఏ రెడ్ వైన్ అన్నదే చూసుకోవాలి.

నేను ఫ్రాన్స్‌లోని లియోన్‌లో ఉంటున్నాను. ఇక్కడికి వచ్చిన మొదటి వేసవిలో, ఏసీ లేని ఫ్లాటులో, వంటింటి అరలో ఉంచిన చిక్కటి రెడ్ వైన్ తీసి కోడికూరతో తాగాను. బయట 36 డిగ్రీల ఎండ. గ్లాసు ఎత్తగానే ముక్కుకు ఘాటు, మింగాక నోరంతా వగరు, ఆపైన కూర కారం రెట్టింపైనట్టు మంట. రెడ్ వైన్ గది వేడిమిలోనే తాగాలన్న మాటను పట్టుకుని చేసిన పని అది. ఆ మాట చల్లటి రాతి ఇళ్లకు సరిపోతుంది, మన గదులకు కాదు.

ఆ వారంలోనే కింది అంతస్తు పెద్దాయన భోజనానికి పిలిచి, మంచుముక్కలు వేసిన బకెట్ నీళ్లలోంచి ఒక సీసా తీశారు. లియోన్‌కు ఉత్తరాన ఉన్న బోజొలే కొండల వైన్. నేరేడు రంగు, చెర్రీపండు వాసన, కాస్త పులుపు, వగరు దాదాపు లేదు. అప్పటినుంచి మా ఇంట్లో వేసవికి అదే.

ఆ తేలికదనం గామే అనే ద్రాక్షది, వైన్ తీసే పద్ధతిది కూడా. గుత్తులను చిదమకుండా తొట్టిలో నింపి మూసేస్తారు. కార్బన్ డయాక్సైడ్ నిండిన ఆ తొట్టిలో, పండు లోపలే పులియడం మొదలవుతుంది. రంగు, సువాసన దిగుతాయి కానీ తొక్కల్లో, గింజల్లో ఉండే వగరు ఎక్కువగా దిగదు. చల్లబరిస్తే వగరు మరింత పైకి తేలుతుంది కాబట్టి చిక్కటి వైన్లు ఫ్రిజ్‌లో పెడితే నోరు పిడచకట్టేస్తాయి. గామేకు ఆ బాధ లేదు. 1395లో బోజొలేకు ఉత్తరాన ఉన్న బర్గండీ పాలకుడు ఫిలిప్ ఈ ద్రాక్షను తన నేలనుంచి పెరికేయమని ఆజ్ఞ ఇచ్చాడు. అది దక్షిణాన బోజొలే గ్రానైట్ నేలల్లో నిలదొక్కుకుంది. ఆ సంగతి తలచుకున్నప్పుడల్లా నాకు దానిమీద ఇంకాస్త ప్రేమ పుడుతుంది.

తాగేటప్పుడు వైన్ 12 నుంచి 14 డిగ్రీల చల్లదనంలో ఉంటే చాలు. ఫ్రిజ్‌లో ముప్పావు గంట, లేదా సగం నీళ్లు సగం మంచు ఉన్న బకెట్‌లో పావుగంట. మరీ చల్లబడితే వాసన చచ్చిపోతుంది.

బోజొలేలోనే ఫ్లూరీ, షిరూబ్ల్ ఊళ్ల వైన్లు వేసవికి బాగుంటాయి. మోర్గాన్, ములాన్-ఆ-వాన్ కొంచెం గట్టివి, వాటిని చలికాలానికి దాచుకుంటాను. బోజొలే దొరకకపోతే ఇటలీలోని సిసిలీ ద్వీపపు ఫ్రప్పాటో అనే రెడ్ వైన్ చూడండి.

పక్కన ఏం తినాలంటే, ఇక్కడివాళ్లు గుడ్డు, పందిమాంసం ముక్కలు వేసిన ఆకుకూరల సలాడ్ తింటారు. నాకు మాత్రం ‘సెర్వెల్ ద కానూ’ ఇష్టం. పేరుకు అర్థం పట్టునేతగాడి మెదడు, నిజానికి వెల్లుల్లి, ఆకులు కలిపిన మెత్తటి తాజా చీజ్. మన వంటల్లో వంకాయ వేపుడు, కారం తగ్గించిన కోడి వేపుడు చక్కగా కుదురుతాయి. ఆవకాయ అన్నంతో మాత్రం వద్దు, ఆల్కహాల్ కారాన్ని ఇంకా మండిస్తుంది. అప్పుడు మజ్జిగే మేలు.

సీసా మిగిలితే బిరడా బిగించి ఫ్రిజ్‌లో పెట్టండి, రెండు రోజులు బాగానే ఉంటుంది.