కుడి చివర పార్టులు 0.2 మి.మీ. పైకి జరుగుతుంటే

అన్నా, పిక్ అండ్ ప్లేస్ మిషన్ (సర్క్యూట్ బోర్డు మీద పార్టులు పెట్టేది) కుడి చివర పార్టుల్ని 0.2 మి.మీ. పై అంచు వైపుకి జరిపి పెడుతోంది, కొప్పర్తి ఎండకి బోర్డు సాగిందేమో అని అడిగినావు. అది కాదు. 200 మి.మీ. ఎఫ్ఆర్4 (గ్లాస్ ఫైబర్, ఎపాక్సీ) బోర్డు 10 డిగ్రీల వేడికి సాగేది దాదాపు 0.03 మి.మీ. అంతే.

ఎడమ చివర సరిగ్గా కూర్చుని, కుడికి పోయేకొద్దీ పార్టులు పైకి జరుగుతున్నాయంటే బోర్డు మిషన్ పట్టాల్లో కొంచెం తిరిగి ఉంది. ఆ 0.2కి 0.06 డిగ్రీల వంకర చాలు. నువ్వు చూపిస్తున్నది ఒక్క ఫిడ్యూషియలే (బోర్డు ఎక్కడుందో కెమెరా పట్టుకునే గుర్తు) కదా, దాంతో మిషన్‌కి ఎక్స్, వై తెలుస్తాయి గానీ వంకర తెలీదు.

చేతిలో ఉన్న బోర్డులకి, కుడి చివర సోల్డర్ పేస్ట్ పడని గుండ్రటి టెస్ట్ ప్యాడ్ ఒకటి వెతికి, దాన్నే రెండో ఫిడ్యూషియల్‌గా నేర్పించు. కొత్త బోర్డుల్లో ఫిడ్యూషియల్స్ మూడు మూలల్లో పెట్టించు: 1 మి.మీ. రాగి చుక్క, దాని చుట్టూ 2 మి.మీ. వ్యాసంతో మాస్క్ ఓపెనింగ్ (బోర్డు రంగు పూత లేని జాగా). మూడోది ఉంటే పొడవు, వెడల్పు వేర్వేరుగా సాగినా మిషన్ సర్దుకుంటుంది. 0.5 మి.మీ. పిచ్ (కాళ్ల మధ్య దూరం) ఐసీకి దాని ఎదురెదురు మూలల్లో ఇంకో జత తప్పకుండా ఉండాల. హెచ్ఏఎస్ఎల్ (కరిగిన టిన్ను పూసి వేడిగాలితో చదును చేసిన) బోర్డయితే చుక్క మీద టిన్ను ఉబ్బి మెరుస్తుంది, కెమెరా మధ్యబిందువుని పక్కకి పట్టేస్తుంది. లైటు తగ్గించి చూడు.

ఇదంతా చేశాక కూడా అన్ని పార్టులూ ఒకే వైపు, ఒకే కొలత జరుగుతుంటే అప్పుడు కెమెరాకి, పార్టుని పట్టుకునే నాజిల్‌కి మధ్య ఆఫ్‌సెట్ మళ్లీ క్యాలిబ్రేట్ చేయాల.